శిఖరం చూసిన ఏడుగురు

పర్వతాలు వాటంతటవే ఏర్పడ్డాయనేది పాతకాలపు అభిప్రాయం. పర్వతమంటే ప్రజల సౌకర్యార్థం, సంబంధిత శాఖ అనుమతితో, ఉదయం తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నిలబడి ఉండే ఒక ఏర్పాటు. నాలుగున్నర తరవాత కూడా అది నిలబడే ఉంటుందని కొందరంటారు. దానికి ఆధారాలు లేవు. (ఆధారం తేగలిగినవాళ్ళందరినీ అప్పటికే గేటు బయటికి పంపేసి ఉంటారు.)

జాతీయ ఉద్యానవనం గేటు దగ్గర ఈ సంగతే కొంచెం వేరే మాటల్లో ఒక పెద్ద బోర్డు మీద రాసి ఉంది. ఆ శనివారం పొద్దున ఎనిమిది నలభైకి ఆ బోర్డుని మొదటి అక్షరం నుంచి, కింద మూలన ఉన్న ప్రెస్సు ఫోన్ నంబరు దాకా చదివిన మనిషి ఒక్కరే. ఆవిడని అక్క అందాం. ముప్ఫై ఒక్క ఏళ్ళు ధ్రువపత్రాల కార్యాలయంలో మూడో కిటికీ వెనక కూర్చున్న మనిషిని జనం చాలా పేర్లతో పిలిచారు. వాటిల్లో ఇక్కడ రాయదగ్గది ఇదొక్కటే.

మూడో కిటికీకి వచ్చేవాళ్ళ అవసరాలు చిన్నవి. తను తనేనని ఒకరికి కాగితం కావాలి. తను ఇంకా బతికే ఉన్నట్టు మరొకరికి కావాలి. అద్దానికి అవతల మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతున్న పెద్దాయనని అక్క తేరిపార చూసి, "మీరు బతికున్నారని నాకు తెలుస్తోందండీ. నాకు తెలియడం వేరు, ఫైలుకి తెలియడం వేరు. ఒక సాక్షిని తీసుకురండి" అనేది. విసుక్కునేది కాదు. మర్యాదగా, పెన్నుకి మూత పెడుతూ అనేది. ఆ మూత పడిన చప్పుడు గుర్తొచ్చి ఊళ్ళో ఇప్పటికీ కొందరు అన్నం తింటూ తింటూ ఆగిపోతారు.

మూడు వారాల కిందట ఆవిడ రిటైరయింది. మొదటి వారం బీరువాలు సర్దింది. రెండో వారం సర్దిన బీరువాలు సరిగ్గా సర్దానా లేదా అని తనిఖీ చేసింది. మూడో వారం ఒక మధ్యాహ్నం హాల్లో కుర్చీలో కూర్చుని ఉండగా, ఈ ఇంట్లో ఏ గదిలోనూ తన కోసం ఎవరూ వరసలో నిలబడి లేరన్న సంగతి ఆవిడకి తోచింది. అది దిగులని ఆవిడ అనుకోలేదు. గాలి ఆడకపోవడం వల్ల అనుకుని కిటికీ తీసింది. కిటికీ అవతల కూడా ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే ఫోన్లో కొండ యాత్ర ప్రకటన కనబడింది. ఒక్కరోజు, చిన్న బృందం, అనుభవజ్ఞుడైన గైడు. చిన్న బృందమంటే ఎనిమిది మంది. ఎనిమిది మందంటే నిబంధనల ప్రకారం నాలుగు జతలు. ఒంటరిగా వచ్చేవాళ్ళకి ప్రవేశం లేదు. ఎందుకు లేదో కూడా యాప్‌లో వివరంగా ఉంది. అంత చిన్న అక్షరాలు చదివే అలవాటు లోకంలో అక్కకి తప్ప ఎవరికీ లేదు కాబట్టి, ఆవిడ చదివింది మనం విందాం.

ఈ ఉద్యానవనానికి వచ్చేవాళ్ళంతా వచ్చేది శిఖరం చూడటానికి. శిఖరం ఏడాదిలో మూడు వందల అరవై రోజులు మంచులో ఉంటుంది. పూర్వం జనం పైదాకా వెళ్ళి, తెల్లటి గోడలాంటి పొగమంచు చూసి, కిందికొచ్చి ఫిర్యాదులు రాసేవారు. ఫిర్యాదులు పెరిగిపోయి, వాటిని పెట్టడానికి కట్టించిన గది కూడా నిండిపోయాక, శాఖ ఒక సంఘాన్ని వేసింది. సంఘం పద్నాలుగు నెలలు అధ్యయనం చేసి, సమస్య పొగమంచులో లేదనీ, చూసినట్టు రుజువు లేకపోవడంలో ఉందనీ తేల్చింది. అప్పటినుంచి శిఖర దర్శన ధ్రువీకరణ విభాగం పనిచేస్తోంది. పైకి వెళ్ళిన ప్రతి ఒక్కరూ శిఖరాన్ని చూసినట్టు ఒక ఫారం నింపాలి. ఎవరికి వాళ్ళు నింపుకుంటే చెల్లదు. జతలో ఒకరు చూసినట్టు రెండోవారు సంతకం పెట్టాలి. ఆ పద్ధతి మొదలైన ఏడాదిలోనే శిఖరం కనబడలేదన్న ఫిర్యాదులు సున్నాకి పడిపోయాయి. ఇప్పుడు ఆ ఫిర్యాదుల గదిలో ఫారాలు పెడుతున్నారు.

చదివి అక్క చాలా ఏళ్ళ తరవాత ఒక మంచి కచేరీ విన్నట్టు నిట్టూర్చింది.

కానీ "జతవ్యక్తి" అన్న గడి ఖాళీగా వదిలితే యాప్ ముందుకి కదల్లేదు. తన పేరే రెండోసారి రాస్తే గడి ఎర్రబడింది. ఆ గడి ముందు అక్క గంటన్నర కూర్చుంది. అందులో రాయడానికి ఆవిడకి లోకంలో ఉన్నది ఒకే ఒక్క పేరు. ఆ పేరుగల మనిషితో మాట్లాడి పదకొండేళ్ళయింది.

పదకొండేళ్ళ కిందట జరిగింది చిన్న విషయమే. (చిన్న విషయాలే ఫైళ్ళలో ఎక్కువకాలం చెడిపోకుండా ఉంటాయి.) వాళ్ళ అమ్మ పేరుమీద గృహశాఖ వారి అద్దె ఇల్లొకటి ఉండేది. మూడో అంతస్తు, రెండు గదులు, వంటింటి కిటికీలోంచి గూడ్సు బళ్ళు కనబడేవి. అమ్మ మంచాన పడ్డ ఆరేళ్ళూ చెల్లెలు ఆ ఇంట్లోనే ఉండి ఆవిడని కడిగింది, తుడిచింది, పక్క మార్చింది. అమ్మ పోయాక ఆ ఇల్లు చెల్లెలికి దక్కాలంటే, ఆమె అక్కడే కాపురమున్నట్టు దగ్గరి బంధువు ఒకరు సాక్ష్యం రాయాలి. దగ్గరి బంధువు అక్క ఒక్కతే. అక్క ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండు దాకా అమ్మని చూడటానికి వెళ్ళేది. కాబట్టి ఆవిడ ఇలా రాసింది: "ఆదివారాలు ఉదయం పది నుంచి పన్నెండు వరకు నా సోదరి ఆ ఇంట్లో ఉండగా చూశాను. మిగతా రోజులు ఉన్నట్టు ఆమె చెప్పినదాని మేరకు తెలిసింది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంట్లో ఏడో వంతు కేటాయించే నిబంధన లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనదని గృహశాఖ జవాబిచ్చింది. చెల్లెలు సామాను కట్టుకుని, తను పనిచేసే కళ్ళద్దాల దుకాణం మీదున్న ఒంటిగదిలోకి మారింది. గొడవ పడలేదు. ఆ తరవాత ఫోన్ ఎత్తలేదు, అంతే.

తను ఏ తప్పూ చెయ్యలేదని అక్క నమ్మకం. అందుకే దాన్ని గురించి పదకొండేళ్ళు ఆలోచించింది. తప్పు చేసి ఉంటే ఏడాదిలో మరిచిపోయి ఉండేది.

ఫోన్ చేసింది. చెల్లెలు ఎత్తింది. శనివారం కొండకి వస్తావా అని అక్క అడిగింది. ఎన్నింటికి అని చెల్లెలు అడిగింది. ఎనిమిదిన్నరకి అంది. సరే అంది. గడిలో చెల్లెలి పేరు రాయగానే అది పచ్చబడింది. ఆ పచ్చరంగుని ఆవిడ కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

ఆవిడ పెట్టుకున్న ఆశ చాలా చిన్నది, ఒక గడిలో సరిపోతుంది. సాయంత్రం విడిపోయేటప్పుడు చెల్లెలు "మళ్ళీ ఎప్పుడు?" అని అడగాలి.

చెల్లెలు ఎనిమిది యాభైకి వచ్చింది. జుట్టు ముందువైపు నెరిసింది. చేతిలో చిన్న సంచి, అందులో మంచినీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు. అక్కని చూసి, "చిక్కిపోయావేంటి?" అంది. అంతకుమించిన ప్రారంభోపన్యాసాలేవీ జరగలేదు.

బృందం వ్యానెక్కింది. ముందు సీట్లో ఒక కొత్త జంట, రోజంతా ఒకరి ఫోన్ ఫోటోల్లో ఒకరు పడుతూ గడిపారు. వాళ్ళ వెనక ఒకే ఆఫీసువాళ్ళిద్దరు, ఒకేరకం టోపీలు పెట్టుకుని, వ్యానులో లేని మూడోవాణ్ణి తిడుతూ కూర్చున్నారు. ఆ వెనక రిటైరైన హెడ్మాస్టరుగారు, ఆయన బావమరిది. చివర అక్కాచెల్లెళ్ళు. ఎదురుగా నిలబడ్డ గైడు ముప్ఫై దాటినవాడు. బొటనవేలు బయటపడ్డ బూటు, మెడలో "ద్వితీయశ్రేణి ప్రకృతి వ్యాఖ్యాత" అన్న బిళ్ళ. అతను అందరి మణికట్లకీ పచ్చటి పట్టీలు కట్టి, ప్రకృతితో మమేకం కావడానికి పాటించవలసిన ఇరవై ఆరు సూత్రాలు చదివాడు. ఇరవై రెండోది: నడుస్తున్న వాహనంలో వెనక్కి తిరిగి చూడరాదు.

మొదటి మజిలీ జలపాతం. నీళ్ళు మరమ్మతులో ఉన్నాయని చీటీ అంటించి ఉంది. రెండోది నిశ్శబ్ద వలయం. అక్కడ పాటించవలసిన నిశ్శబ్దం గురించి గైడు మైకులో తొమ్మిది నిమిషాలు చెప్పాడు. మూడోది జింకల స్థలం. జింకలు లేవు. ఇక్కడికి రావాలని జింకలకి నోటీసు ఎప్పుడిచ్చారని బావమరిది అడిగాడు. గైడు నవ్వలేదు. ఆ ప్రశ్న తన పరిధిలోది కాదన్నాడు.

దారిలో అక్క మాటలు కలపాలని చూసింది. దుకాణం ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందనీ, ఇప్పుడు చూపు పరీక్షలన్నీ తనే చేస్తున్నాననీ చెల్లెలు చెప్పింది. యంత్రంలో ఒక అద్దం వేసి, తీసి ఇంకొకటి వేసి, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతుంది. వాళ్ళు ఏది చెబితే అది రాసుకుంటుంది.

"అబద్ధం చెబితేనో?" అంది అక్క. ఆవిడకి అది వృత్తిపరమైన కుతూహలం.

"ఎందుకు చెబుతారక్కా? వాళ్ళ కళ్ళేగా."

ఈ సమాధానం అక్కకి నచ్చలేదు. ఇరవై ఏళ్ళుగా ఎవరేం కనబడుతోందంటే అది రాసుకుంటూ, ఒక్కరినీ సాక్షిని తెమ్మనకుండా ఒక దుకాణం నడుస్తోందన్న ఊహకే ఆవిడకి కాస్త కళ్ళు తిరిగినట్టు అనిపించింది. కానీ పోట్లాటకి రాలేదు కదా అనుకుని, ఒక అరటిపండు అడిగి తీసుకుంది.

శిఖర దర్శన స్థలానికి పన్నెండుంబావుకి చేరారు. సిమెంటు చప్టా, దాని అంచున ఇనప కంచె. చప్టా మీద పసుపురంగుతో ఎనిమిది జతల పాదాలు గీసి ఉన్నాయి. ఎవరి పాదాల మీద వాళ్ళు నిలబడాలి. కంచె అవతల ఏమీ లేదు. లోయ లేదు, ఆకాశం లేదు. అప్పుడే ఉతికి ఆరేసిన దుప్పటిలా మంచు. గైడు ఒక ప్లాస్టిక్ తొడుగు వేసిన ఫోటో తీసి రెండు చేతులతో పైకెత్తాడు.

"ఇది మీకు ఎదురుగా కనబడుతున్న శిఖరం" అన్నాడు. "ఎత్తు వెనకవైపు రాసి ఉంది. చూపు సమయం ఇరవై నిమిషాలు. ఫారాలు తీసుకోండి."

ఫారంలో నాలుగు గడులు. మొదటిది జతవ్యక్తి పేరు. రెండోది చూసిన సమయం. మూడోది శిఖరం రంగు. నాలుగోది జతవ్యక్తికి కలిగిన అనుభూతి: విస్మయం, ప్రశాంతత, వినయం. (ఒకదానికి మాత్రమే టిక్కు పెట్టవలెను. ఇతర అనుభూతులు కలిగినవారు కార్యాలయాన్ని సంప్రదించవలెను.)

జనం చకచకా నింపేశారు. కొత్త పెళ్ళికొడుకు భార్యకి ప్రశాంతత పెట్టాడు. ఆమె అతనికి ఏం పెట్టిందో చూపించలేదు. టోపీలవాళ్ళు ఒకరిది చూసి ఒకరు రాసుకున్నారు.

"బావా, నీకు వినయం పెట్టనా?" అన్నాడు బావమరిది.

"పెట్టు. నష్టమేముంది" అన్నారు హెడ్మాస్టరుగారు.

"ఇంట్లో మా అక్క చూస్తే ఫారం చెల్లదంటుంది."

హెడ్మాస్టరుగారు బావమరిది పేరున్న ఫారంలో విస్మయానికి టిక్కు కొట్టారు. తన బామ్మర్దికి ఏ విషయమూ అర్థం కాదనీ, కాబట్టి అది అన్నివేళలా వర్తిస్తుందనీ చెప్పారు.

అక్క మాత్రం ఇంకా నింపుతోంది. ఫారాన్ని కంచె మీద ఆనించి, అంచులు సరిచేసి, మొదటి గడిలో చెల్లెలి పేరు ఇంటిపేరుతో సహా రాసింది. రెండో గడిలోకి వచ్చింది. పన్నెండు గంటల ఇరవై... అని రాస్తూ ఉంది.

"అదిగో" అంది చెల్లెలు.

గట్టిగా అనలేదు. నిద్రపోతున్న మనిషి పక్కన అన్నట్టు అంది. అక్క విన్నది. తలెత్తాలని కూడా అనుకుంది. కానీ "ఒకటి" అన్న మాటలో "ఒక" అయింది, "టి" మిగిలింది. సగం రాసిన మాటని ఆవిడ ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ గడిలోనూ వదల్లేదు. "టి" రాసింది. గుడి కూడా సరిగ్గా పెట్టింది. తలెత్తింది.

దుప్పటి.

చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు రెండు చేతులూ కంచె మీద పెట్టి, నోరు కాస్త తెరిచి, ఎదురుగా చూస్తోంది. ఆ ముఖం అక్కకి తెలుసు. వాళ్ళు చిన్నప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గదిలో ఆ ముఖమే కనబడేది. అలాంటి ముఖం కల్పించడం మనిషి వల్ల కాదు. ఈ సంగతి అక్కకి ఒక్క క్షణంలో పూర్తిగా, సందేహం లేకుండా తెలిసింది. తెలిసీ, ఫారం వైపు చూసింది. ఫారంలో ముఖానికి గడి లేదు.

"చూశావా?" అంది.

"చూశాను."

"ఎంతసేపు?"

"మూడు నాలుగు క్షణాలు. మంచు చిరిగినట్టయింది, మళ్ళీ మూసుకుంది."

"ఏ రంగు?"

"ఫోటోలోలా తెలుపు కాదు. ఒక పక్క..." చెల్లెలు ఆగింది. తిరిగి చూసింది. "నువ్వు అడుగుతున్నావా అక్కా, ఫారం అడుగుతోందా?"

అక్కకి నిజంగానే తెలియలేదు. మనుషులకి లోపల మనసు ఉంటుందంటారు. అక్కకి లోపల ఒక కిటికీ ఉంది, దానికి అద్దం, అద్దంలో అరచెయ్యి పట్టేంత కంత. తన జీవితంలోకి ఎవరొచ్చినా ఆ కంతలోంచే వచ్చారు. అమ్మ కూడా. ఇవాళ చెల్లెలు అక్కడే నిలబడి ఉంది, చేతిలో ఏ కాగితమూ లేకుండా.

ఈలోగా చెల్లెలు తన దగ్గరున్న ఫారం అర నిమిషంలో నింపేసింది. అక్క తొంగిచూసింది. శిఖరాన్ని అక్క చూసినట్టుంది. రంగు తెలుపు, అనుభూతి విస్మయం, కింద సంతకం.

"నేను చూడలేదే" అంది అక్క.

"ఇంతదూరం వచ్చావు, నిలబడ్డావు. చాల్లే" అని చెల్లెలు ఆ కాగితం గైడుకి ఇచ్చేసింది.

చప్టా మీద ఉన్న ఎనిమిది మందిలో శిఖరాన్ని చూసింది ఒక్కతే. చూడని ఏడుగురి ఫారాలూ గైడు చేతిలో ఉన్నాయి. మిగిలింది చూసినామెది. చూపు సమయం ఇంకా ఆరు నిమిషాలుందని గైడు చెప్పాడు. ఆకలవుతోందని టోపీలవాళ్ళలో ఒకడు అన్నాడు.

ఆ ఆరు నిమిషాల్లో అక్క లోపల ఏం జరిగిందో శాఖ రికార్డుల్లో లేదు. కాస్త చెప్పుకుందాం. ముందు ఆవిడ, నేను చూడలేదు, కాబట్టి రాయలేను అనుకుంది. తరవాత, మిగతావాళ్ళు ఎవరూ చూడకుండానే రాశారు, వాళ్ళవి అబద్ధాలు, నేనెందుకు వాళ్ళలో కలవాలి అనుకుంది. ఆ తరవాత ఒక విచిత్రమైన ఆలోచన వచ్చింది. నేను రాస్తే ఇక్కడున్నవాటిల్లో నిజమైన ఫారం ఇదొక్కటే అవుతుంది. దానికి రుజువు లేదు. రుజువులేని నిజం ఒకటి ఉంటుందని ఆవిడకి అరవై ఒకటో ఏట, పసుపుపచ్చ పాదాల మీద నిలబడి ఉండగా తెలిసింది. తెలియగానే గూడ్సు బళ్ళ చప్పుడు, తడిగుడ్డల వాసన, ఆదివారం పన్నెండింటికి తను చెప్పులేసుకుంటూ ఉంటే గుమ్మం దగ్గర నిలబడ్డ చెల్లెలు, అన్నీ ఒకేసారి ఆ కంతలోంచి లోపలికి తోసుకొచ్చాయి. తను వెళ్ళాక, సోమవారం, మంగళవారం, బుధవారం, ఆ గుమ్మం లోపల ఎవరుండి ఉంటారు మరి?

కళ్ళు తడిశాయి. మూడో గడిలో "ఒక పక్క వేరే రంగు" అని రాసింది. నాలుగో గడిలో విస్మయానికి టిక్కు పెట్టింది. పెన్ను గట్టిగా పట్టుకుని, నీళ్ళలోకి దూకుతున్నట్టు ఊపిరి బిగబట్టి, సంతకం పెట్టింది. ఆవిడ జీవితంలో కళ్ళారా చూడకుండా పెట్టిన మొదటి సంతకం అది. ఫారం గైడుకి ఇచ్చి, చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. చెల్లెలు ఆ చేతిని తీసెయ్యలేదు.

గైడు ఫారం చదివాడు. రెండోసారి చదివాడు. తల గోక్కున్నాడు.

"అమ్మా, కింద ఇదేంటి?"

అక్క చూసింది. సంతకం కింద, తన చేతిరాతలోనే, పొందికైన చిన్న అక్షరాల్లో ఒక వాక్యముంది. అది రాసినట్టు ఆవిడకి గుర్తులేదు. మనిషి ఏడుస్తూ ఉండగా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి సంతకం కిందా చేసినట్టే, తనని తను కాపాడుకుంది.

గైడు పైకి చదివాడు. "జతవ్యక్తి చెప్పినదాని మేరకు."

అక్క చెయ్యి కింద చెల్లెలి భుజం కదల్లేదు. కానీ అది ఇప్పుడు చెయ్యి కింద ఉన్న భుజంలా లేదు, కంచెలా ఉంది.

"అది కొట్టేస్తాను. ఇలా ఇవ్వండి" అంది అక్క.

"కొట్టివేతలున్న ఫారాలు చెల్లవమ్మా."

"ఇంకో ఫారం ఇవ్వండి."

"మనిషికి ఒకటే వస్తుందమ్మా. లెక్క పెట్టి ఇస్తారు."

అతను తరవాత ఏం చెబుతాడో అక్కకి ముందే తెలుసు. ఏ మాట తరవాత ఏ మాట వస్తుందో, ఎక్కడ గొంతు తగ్గిస్తాడో, ఎక్కడ ఫారం మడుస్తాడో అన్నీ తెలుసు. అయినా ఆవిడ బతిమాలింది. అద్దానికి అటువైపు నిలబడటం ఆవిడకి ఇదే మొదటిసారి, మాటలు వరసగా రాలేదు. ఆమె నిజంగా చూసిందండీ అంది. ముఖంలో తెలిసిందండీ అంది. మీరూ ఇక్కడే ఉన్నారు కదా, మీరైనా చెప్పండి అంది. పెద్దదాన్ని, ఇంత అడుగుతున్నాను అంది. గైడు చెడ్డవాడు కాదు. తను మూడేళ్ళలో ఈ శిఖరాన్ని నాలుగంటే నాలుగుసార్లు చూశాడట, ఆ నాలుగుసార్లూ జత లేక నమోదు కాలేదట.

"మీరు చెప్పేది నిజమేనని నాకు తెలుస్తోందమ్మా" అన్నాడు ఎంతో మర్యాదగా. "కానీ నేను అప్పుడు ఫోటో పట్టుకుని మీవైపు తిరిగి ఉన్నాను కదా."

షరతులతో కూడిన ధ్రువీకరణని "చూడలేదు"గా నమోదు చెయ్యాలని నిబంధన. ఇలాంటి నిబంధన ఒకటి మూడో కిటికీ దగ్గర కూడా ఉండేది. దాని ముసాయిదా రాసింది ఎవరో చెప్పనక్కర్లేదు. గైడు చెల్లెలి మణికట్టు నుంచి పచ్చ పట్టీ తీసి, బూడిదరంగు పట్టీ కట్టాడు. దాని మీద "అసంపూర్ణం" అని అచ్చు వేసి ఉంది. చెల్లెలు కట్టించుకుంటున్నంతసేపూ చెయ్యి నిటారుగా పట్టుకుంది, రక్తపోటు చూపించుకునేవాళ్ళలాగా.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచి భోజనాలయ్యాయి. మూడున్నరకి తిరుగు ప్రయాణం. దర్శనం పూర్తయినవాళ్ళకే మామూలు సీట్లు. అసంపూర్ణ సందర్శకులు డ్రైవరు వెనక ఉండే మడత సీట్లో, మిగతావాళ్ళకి ఎదురుగా, వ్యాను వెనకవైపుకి ముఖం పెట్టి కూర్చోవాలి. (అది శిక్ష కాదని నిబంధనల పుస్తకంలో రెండుచోట్ల రాసి ఉంది.) ఏడుగురు ముందుకి చూస్తూ కూర్చున్నారు. వాళ్ళకి ఎదురుగా చెల్లెలు. పాపం, అంతదూరం వచ్చి ఈవిడొక్కతే చూడలేకపోయిందని కొత్త పెళ్ళికూతురు జాలిపడింది. ఈసారి వచ్చినప్పుడు కాస్త శ్రద్ధగా చూడమని హెడ్మాస్టరుగారు సలహా చెప్పారు. చెల్లెలు అలాగేనండీ అంది.

రెండో మలుపు తిరుగుతూ ఉండగా వ్యానులోకి వెలుతురు వచ్చింది.

వెనక అద్దంలోంచి వచ్చింది. సీట్ల వీపుల మీదా, టోపీల మీదా, నిద్రపోతున్న బావమరిది బట్టతల మీదా పడింది. గైడు ఒళ్ళో కాగితాలు పెట్టుకుని రోజువారీ నివేదిక రాస్తున్నాడు. కొత్త జంట ఫోన్లో పొద్దుటి ఫోటోలు చూసుకుంటోంది. అక్క ఎదురుగా చూసింది. చెల్లెలు అందరి తలల మీదుగా, వ్యాను వెనక అద్దంలోంచి దూరంగా చూస్తోంది. కరెంటు వచ్చినప్పటి ముఖం. ఈసారి మూడు నాలుగు క్షణాలు కాదు. ఒక మలుపు, ఇంకో మలుపు, ఆ తరవాత వంతెన. మంచు మొత్తం లేచిపోయిందని ఆ ముఖం చూస్తే గుడ్డివాళ్ళకైనా తెలుస్తుంది.

అక్క మెడ తిప్పితే చాలు. తిప్పలేదు. తిరిగి చూడటమంటే చెల్లెలిని మళ్ళీ సాక్ష్యం అడగటమే అవుతుందని ఆవిడ అనుకుంది. ఈసారి చూడకుండానే నమ్ముతాను, ఆ ముఖమే నాకు చాలు అనుకుంది. అలా అనుకున్నప్పుడు ఆవిడకి తన మీద తనకి గౌరవం, చెల్లెలి మీద ఎన్నడూ లేనంత ప్రేమ కలిగాయి. (ఇరవై రెండో సూత్రం కూడా ఉంది కదా.)

వ్యాను గేటు దగ్గర ఆగింది. గైడు అందరితో చెయ్యి కలిపాడు. ఏడుగురికీ ధ్రువపత్రాలు వారంలో పోస్టులో వస్తాయన్నాడు. చెల్లెలిని మాత్రం ఉండమన్నాడు. బూడిద పట్టీ తిరిగి ఇచ్చినట్టు రిజిస్టరులో రాయాలి. ఆమె పట్టీ విప్పి డబ్బాలో వేసి, రిజిస్టరు ముందు వంగింది. అక్క పక్కనే నిలబడింది. పొద్దుటి నుంచి ఎదురుచూసిన మాట ఇప్పుడు రావాలి. చెల్లెలు పేరు రాసింది, సమయం రాసింది. మాట రాలేదు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి అక్కే మొదలుపెట్టింది.

"వెనక అద్దంలోంచి చూశావు కదూ, మొత్తం? ఎలా ఉంది?"

చెల్లెలు సంతకం పెట్టింది. పెన్నుకి మూత పెట్టింది.

"అదేంటక్కా నన్నడుగుతావు" అంది, ఎంతో మర్యాదగా. "చూసింది నువ్వు. సాక్షిని నేనే."